మందు పడకపోతే మనసులో పెట్టుకోవద్దు, సంఘంలో చెప్పండి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత జమ అయింది, స్త్రీనిధి అప్పు ఎంత తీసుకున్నాం, ఎవరి కిస్తీ ఆగింది, అన్నీ చదివారు. ఇప్పుడు మేము చెప్పబోయేది కూడా ఒక అప్పు ముచ్చటే. అయితే ఇది లెక్కల పుస్తకంలో కనపడేది కాదు. ఈ ముచ్చటలోని చెల్లె ఒప్పుకున్నాకే చెబుతున్నాం. పేరు చెప్పం, ఊరు చెప్పం. ఎవరై ఉంటారని పక్కవాళ్లను అడగొద్దని ముందే దండం పెట్టి చెబుతున్నాం.

బర్రె లేని బర్రె అప్పు

పోయిన శ్రావణ మాసంలో మన సభ్యురాలు ఒకామె బర్రె కొంటానని 40 వేలు అప్పు అడిగింది. వయసు 26. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఏడాది దాటింది. కిస్తీ ఎన్నడూ తప్పని మనిషి. సంఘం తీర్మానం చేసింది, డబ్బు ఖాతాలో పడింది. నెల తిరక్కముందే అప్పు దేనికి వాడారో చూడటానికి మేమూ, విఓఏ కలిసి ఇంటికి పోయాం. దొడ్డిలో గుంజ ఉంది, తలుగు ఉంది, బర్రె లేదు.

"బర్రె ఏదమ్మా?" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నది: "బర్రె లేదక్కా. పైసలు ఆపరేషన్‌కు దాచిపెట్టిన. వచ్చే సోమవారం గర్భసంచి తీస్తరంట."

26 ఏళ్లకు గర్భసంచి తీసేంత జబ్బు ఏమొచ్చిందని మేము ముగ్గురం ఆ అరుగు మీదనే కూర్చున్నాం. ఒక్కొక్క మాటే బయటకు వచ్చింది. ఉగాది తర్వాత ఆమె గర్భం రాకుండా అంతర ఇంజెక్షన్ వేయించుకుంది. ఇంకో బిడ్డ ఇప్పుడే వద్దు, ఆపరేషన్‌కు మనసు ఒప్పలేదు, అందుకని వేయించుకుంది. ఇంట్లో భర్తకు తెలుసు, అత్తకు తెలియదు. రెండో నెల నుంచి చుక్క చుక్కగా ముట్టు కనపడటం మొదలైంది. ఆగుతుంది, మళ్లీ వస్తుంది. అట్లా 38 రోజులు.

వాళ్ల ఇంట్లో బయటున్నప్పుడు పొయ్యి ముట్టరు. 3 రోజులంటే అత్త వండి పెట్టింది. 38 రోజులు ఎవరు వండుతారు? మాటలు మొదలయ్యాయి. బోనాల పండుగ నాడు ఇంటి కోడలు బోనం ఎత్తలేదు. "ఈమెకు ఏదో రోగం ఉంది" అన్నారు. అప్పుడు భర్త టౌనులో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. స్కానింగ్ తీశారు. గర్భసంచికి వాపు ఉంది, తీసేస్తే పీడ పోతుంది అన్నారు. ఇంజెక్షన్ వేయించుకున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. భయంతో ఆమె కూడా చెప్పలేదు.

అక్కలారా, ఆ 38 రోజుల్లో ఆ చెల్లె మన సంఘం మీటింగులకు వచ్చింది. వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. పొదుపు కట్టింది. ఇంటికి పోయింది. పక్కన కూర్చున్న మేము ఒక్కరం కూడా "ఏమమ్మా, ముఖం పాలిపోయింది" అని అడగలేదు. బర్రెకు అప్పు అన్నప్పుడు పాలు ఎన్ని ఇస్తుంది, గడ్డి ఎక్కడిది అని అడిగాం. మనిషిని అడగలేదు. ఇది మా తప్పు అని ఈ సభలో ఒప్పుకుంటున్నాం.

సోమవారానికి 5 రోజులే ఉంది. మరునాడే ఆమెను ప్రభుత్వ ఏరియా దవాఖానలో లేడీ డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాం. డాక్టరమ్మ ముందు అడిగిన మాట, "పిల్లలు కాకుండా ఏమన్నా వాడుతున్నావా?" అప్పుడు కొంగు ముడిలోంచి ఇంజెక్షన్ కార్డు తీసింది. రెండో ఇంజెక్షన్ తారీకు దాటిపోయింది కాబట్టి గర్భం ఉందేమో అని పరీక్ష చేశారు, లేదు. లోపల చూశారు, మళ్లీ స్కానింగ్ చేయించారు. గర్భసంచి మంచిగానే ఉంది, తీయాల్సిన పని ఏమీ లేదు అన్నారు. రక్తం మాత్రం 8 గ్రాములే ఉంది. మరక ఆగడానికి 5 రోజుల మాత్రలు, రక్తం పెరగడానికి ఐరన్ మాత్రలు రాసిచ్చారు. "ఇది ఇంజెక్షన్ వల్ల వచ్చిన మార్పు. చాలామందికి వస్తుంది. నీకు ముందు ఎవరూ చెప్పలేదా?" అన్నారు.

బయటకు వచ్చాక ఆ చెల్లె మాతో అన్న మాట ఇది: "ముందుగాల ఈ ఒక్క ముక్క ఎవరన్న చెప్పి ఉంటే, నేను బర్రె అని అబద్ధం ఆడకపోదును అక్కా."

ఆ ఒక్క ముక్క ఏమిటో అందరికీ చెప్పాలనే ఇవాళ నిలబడ్డాం.

ఇంజెక్షన్ లోపల ఏం చేస్తుంది

ప్రతి నెలా మన గర్భసంచి లోపల బిడ్డ కోసం ఒక మెత్తటి పొర తయారవుతుంది. బిడ్డ రాకపోతే ఆ పొర ఊడి రక్తంతో పాటు బయటకు పోతుంది. అదే నెలసరి. ఈ పనంతా మన ఒంట్లో పుట్టే హార్మోన్లు చేయిస్తాయి. అంతర ఇంజెక్షన్‌లో కూడా ఒక హార్మోన్ ఉంటుంది. 3 నెలలకు ఒకసారి వేస్తారు. ఇది అండం విడుదల కాకుండా ఆపుతుంది, లోపలి పొర మందంగా కాకుండా పలచగా ఉంచుతుంది.

పొర పలచబడినప్పుడు అక్కడక్కడ ఊడి చుక్కలుగా కనపడుతుంది. అందుకే మొదటి నెలల్లో తారీకు లేకుండా మరకలు కనపడతాయి. కొందరికి 10 రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ. ఇంజెక్షన్లు కొనసాగిస్తే చాలామందికి నెలసరి రావడమే తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు ఇంకో భయం మొదలవుతుంది: "రక్తం బయటికి పోతలేదు, లోపలే గడ్డ కడుతుందా?" కట్టదు. పొరే తయారు కానప్పుడు ఊడేది ఏమీ ఉండదు. చెడు రక్తం అని ఒకటి లోపల నిలవ ఉండదు. మందు మానేసిన కొన్ని నెలలకు నెలసరి మళ్లీ దారిలో పడుతుంది.

ఇంకా ఏమేమి కావొచ్చు? కొందరికి తలనొప్పి, రొమ్ముల్లో నొప్పి, కడుపు ఉబ్బరం. కొందరు ఏడాదికి ఒకటి రెండు కిలోల బరువు పెరుగుతారు. కొందరికి మనసు బాగుండదు, చిరాకు, ఊకె ఏడుపు. ఎముకల గట్టితనం కొంచెం తగ్గుతుంది, మందు మానేశాక మళ్లీ కోలుకుంటుంది. అందుకే ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు రాగి జావ, పాలు, పెరుగు, మునగాకు, తోటకూర మానకుండా తినాలి.

ఒక మాట పెళ్లయిన కొత్త చెల్లెళ్లు గుర్తు పెట్టుకోవాలి. ఇంజెక్షన్ మానేసిన వెంటనే గర్భం రాదు. చివరి ఇంజెక్షన్ నుంచి లెక్కపెడితే సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. "ఇంజెక్షన్ వేయించుకుంటే గొడ్రాలవుతారు" అనే మాట ఈ ఆలస్యం వల్లనే పుట్టింది. గొడ్రాలు కారు. కానీ ఆర్నెల్లలో బిడ్డ కావాలనుకునే వాళ్లకు ఈ మందు కుదరదు. ఈ సంగతి వేయించుకునే ముందే తెలియాలి.

సూది వేసిన చోట రుద్దొద్దు, వేడి కాపడం పెట్టొద్దు. మందు తొందరగా కరిగిపోయి పని తగ్గుతుంది. కార్డు పారేయొద్దు. తారీకుకు 2 వారాల ముందైనా వేయించుకోవచ్చు, 4 వారాలు ఆలస్యమైనా వేయించుకోవచ్చు. అది కూడా దాటితే ముందు గర్భం లేదని చూసుకొని వేస్తారు. ఈలోగా నిరోధ్ వాడాలి.

మాత్రలు వాడే వాళ్లకు

మాలా-ఎన్ మాత్రలు ఆశా అక్కల దగ్గర దొరుకుతాయి. ఒక అట్టలో 28 ఉంటాయి. 21 తెల్లవి హార్మోన్ మాత్రలు, 7 ముదురు రంగువి ఐరన్ మాత్రలు. ఐరన్ మాత్రలు వేసుకునే రోజుల్లో నెలసరి వస్తుంది. మా సర్వేలో చూస్తే, ఆ ముదురు మాత్రలు ఉత్తవే అని పారేసే వాళ్లు ఉన్నారు. పారేయొద్దు. అవి రక్తం కోసం. పైగా రోజుకొకటి వేసుకునే అలవాటు తప్పకుండా ఉంటుంది. అట్ట అయిపోయిన మరునాడే కొత్త అట్ట మొదలుపెట్టాలి, మధ్యలో ఖాళీ ఉండొద్దు.

మొదట్లో కడుపులో తిప్పినట్టు, వాంతి వచ్చినట్టు, తల నొచ్చినట్టు ఉంటుంది. రొమ్ములు బరువుగా అనిపిస్తాయి. మధ్యలో చుక్కలు కనపడతాయి. ఎక్కువ మందికి ఇవన్నీ 3 నెలల్లో తగ్గిపోతాయి. పొద్దున పరగడుపున వేసుకునే వాళ్లకు వికారం ఎక్కువ. రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకుంటే ఆ వికారం నిద్రలో పోతుంది. రోజూ ఒకే వేళకు వేసుకుంటే మధ్య మరకలు కూడా తగ్గుతాయి. మాత్ర వేసుకున్న కొద్దిసేపటికే వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

ఒక గ్రామ సంఘంలో ఒక చెల్లె వికారం పడలేక రెండు రోజులు వేసుకొని రెండు రోజులు మానేసింది. "మాత్ర వాడినా నిలిచింది" అని ఊరంతా చెప్పుకున్నారు. మాత్ర ఓడిపోలేదు, మధ్యలో ఆపడం వల్ల పని చేయలేదు. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకొని, ఆ రోజుది దాని వేళకు వేసుకోవాలి. 2 లేదా అంతకన్నా ఎక్కువ మర్చిపోతే, గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకొని, రోజుకొకటి కొనసాగిస్తూ 7 రోజులు నిరోధ్ వాడాలి. అనుమానం ఉంటే ఆశా అక్కను అడగండి. అడగడానికి సిగ్గుపడి నెల తప్పాక ఏడవడం కన్నా ఇది నయం.

అందరికీ మాత్రలు పడవు. బీపీ ఉన్నవాళ్లు, 35 ఏళ్లు దాటి బీడీలు, చుట్టలు తాగేవాళ్లు, కళ్ల ముందు మెరుపులు వచ్చి ఒకవైపు తలనొప్పి వచ్చేవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డ కట్టినవాళ్లు, గుండె జబ్బు, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు ఈ మాత్రలు వాడొద్దు. 6 నెలల లోపు బిడ్డకు పాలిచ్చే తల్లులకు కూడా ఇవి ఇవ్వరు. మన మండలంలో బీడీలు చుట్టే అక్కలు చాలామంది ఉన్నారు. బీపీ చూపించుకోకుండా మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కోవద్దు. టీబీ మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. వాటిలో కొన్ని గర్భనిరోధక మాత్ర పనిని తగ్గిస్తాయి.

ఏది ఓపిక పట్టాలి, ఏది పట్టకూడదు

"సైడ్ ఎఫెక్టే కదా, ఓర్చుకో" అనేది ఒక తప్పు. "సైడ్ ఎఫెక్ట్ వచ్చింది, గర్భసంచి పోయింది" అనేది ఇంకో తప్పు. మధ్యలో ఒక లెక్క ఉంది. అది రాసుకోండి.

చుక్కలు, కొద్దిపాటి మరకలు, కొంచెం వికారం, కొంచెం తలనొప్పి: మొదటి 3 నెలలు చూడొచ్చు. కానీ చూస్తున్నాం అని ఆశా అక్కకు చెప్పి చూడాలి.

8 రోజులు దాటి రక్తం పోతున్నా, మామూలుగా పోయే దానికి రెండింతలు పోతున్నా, నడిస్తే ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా దవాఖానకు పోవాలి. మాత్రలతో తగ్గించొచ్చు. రక్తం ఎంత ఉందో చూడాలి. మన దగ్గర ముందే రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లు ఎక్కువ, అందుకని నెలల తరబడి పోయే చిన్న మరక కూడా చిన్నది కాదు.

అన్ని మరకలనూ మందు మీదికి తోసేయొద్దు. మంచిగా ఉన్న మనిషికి ఒక్కసారిగా రక్తం మొదలైతే, భర్తతో కలిసినప్పుడు రక్తం కనపడితే, వాసనతో తెల్లబట్ట అయితే, పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉంటే లోపల వేరే కారణం ఉండొచ్చు. లోపల చూపించుకోవాలి.

ఇక వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108 పిలవండి: ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం. ఒక కాలి పిక్క వాచి గట్టిగా నొప్పి. ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం. కడుపులో తట్టుకోలేని నొప్పి. ఇట్లాంటివి చాలా అరుదు, కానీ మాత్రలు వాడే వాళ్లు తెలుసుకొని ఉండాలి.

మనసు సంగతి కూడా ఇందులోనే ఉంది. ఇంజెక్షన్ తర్వాత, మాత్రల తర్వాత పని మీద ధ్యాస పోయి, పిల్లల మీద ఊకె కోపం వచ్చి, చావాలనిపిస్తుందంటే, అది కొవ్వెక్కి చేసే పని కాదు. డాక్టర్‌కు చెప్పి మందు మార్చాల్సిన సంగతి.

మందు మార్చుకోవడం మన హక్కు

మందు పడకపోతే మానేయొచ్చు. మానేసే రోజే ఇంకొక పద్ధతి చేతిలో ఉండాలి. హార్మోన్ లేని పద్ధతులు కూడా ఉన్నాయి. ఛాయ మాత్రలు ఉన్నాయి. ఈ మందును లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో కనిపెట్టారు. మొదటి 3 నెలలు వారానికి 2, తర్వాత వారానికి 1. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. కొందరికి దీనితో నెలసరి కొంచెం ఆలస్యంగా వస్తుంది. కాపర్-టి 10 ఏళ్ల దాకా పని చేసేది ఉంది. మొదటి కొన్ని నెలలు ముట్టు ఎక్కువ పోవచ్చు, నొప్పి ఉండొచ్చు, అందుకని రక్తం తక్కువ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వేయించుకోవాలి. నిరోధ్ ఉంది, దానికి మగవాళ్లు ఒప్పుకోవాలి. మగవాళ్లకు కోత లేని చిన్న ఆపరేషన్ కూడా ఉంది. బరువు అంతా మన ఒంటి మీదే ఎందుకు పడాలో ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. 72 గంటల లోపు వేసుకునే అత్యవసర మాత్ర ఆపదకు మాత్రమే. నెలనెలా దాన్నే నమ్ముకుంటే నెలసరి తారుమారవుతుంది, గర్భం నిలిచే భయం కూడా ఎక్కువ.

మా పెద్దమ్మ ఒకామె గ్రామ సంఘం మీటింగులో అడిగింది: "మా కాలంల ఇద్దరు పుట్టంగనె ఆపరేషన్ చేయించుకొని ఊకున్నం. మీకెందుకే ఇవన్ని?" మంచి ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, పెళ్లయిన ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 70 మంది, తెలంగాణలో నూటికి 60 మందికి పైగా పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. 20కి పెళ్లి, 23కి ఇద్దరు పిల్లలు, 24కి ఆపరేషన్. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ ఎడం పెట్టుకునే అవకాశమే చాలామందికి దొరకలేదు. ఎడం కావాలంటే తాత్కాలిక పద్ధతులు కావాలి. వాటిని భయం లేకుండా వాడాలంటే వాటి ఇబ్బందులు ముందే తెలియాలి.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 8 మందికి పైగా. మన ఆడవాళ్ల గర్భసంచులే పాడవుతున్నాయా? తెల్లబట్ట అన్నా, మరక అన్నా, నడుం నొప్పి అన్నా "తీసేద్దాం" అనే మాట మన దగ్గర తేలిగ్గా వస్తోంది. దానితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు అవుతుంది. ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత చిన్న వయసులోనే మొదలవుతాయి. తీయక తప్పని జబ్బులు ఉన్నాయి, కాదనం. కానీ ఆ మాట ఒక్క చోట విని ఒప్పుకోవద్దు. ఇంకో డాక్టర్‌ను అడగండి.

చెప్పించుకునే హక్కు మనకు ఊరికే రాలేదు. 1985లో ఇక్కడే, పటాన్‌చెరులో, నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ను పరీక్షించడానికి పల్లె ఆడవాళ్లను ఎంచుకున్నారు. ఇది పరీక్ష అనీ, దీనివల్ల ఏమేమి కావొచ్చనీ వాళ్లకు సరిగా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన వాళ్లు అక్కడికి పోయి నిలదీశారు. 1986లో వాళ్లూ, ఇంకా కొన్ని మహిళా సంఘాలూ కలిసి సుప్రీంకోర్టుకు పోయారు. ఆ అక్కలు మనలాగే పది మంది కలిసి కూర్చొని మాట్లాడుకున్న వాళ్లే. 'సవాలక్ష సందేహాలు' అని ఆడవాళ్ల ఆరోగ్యం మీద తెలుగులో పుస్తకం కూడా తెచ్చారు. ఇప్పటి అంతర వేరే మందు, ప్రభుత్వం అనుమతించి ఇస్తున్నది. అయినా వేసే ముందు చెప్పాలన్న పద్ధతి అదే. సూది గుచ్చే ముందు మనం అడగాల్సినవి 4: ఇది ఏం మందు? నాకు ఏమేమి కావొచ్చు? అట్లా అయితే ఎవరి దగ్గరికి రావాలి? ఇది వద్దంటే ఇంకేముంది? ఈ 4 మాటలకు జవాబు వచ్చాకే చేయి చాపండి.

మన సంఘాల్లో ఏం చేద్దాం

ఉపసంఘం తరఫున 5 ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి గ్రామ సంఘం నెలలో ఒక మీటింగులో అప్పుల లెక్క అయ్యాక 15 నిమిషాలు ఆరోగ్యం మాట్లాడాలి. మగవాళ్లు ఎవరూ లేకుండా, తలుపు దగ్గరికి వేసుకొని.

రెండు. అక్కడ చెప్పుకున్నది మినిట్స్ బుక్కులో రాయొద్దు. "ఆరోగ్యం మీద చర్చించడమైనది" అని ఒక్క లైను చాలు. ఎవరి పేరూ రాయొద్దు, ఎవరి ముచ్చటా బావి కాడికి పోవద్దు. ఒక్కసారి బయటకు పోతే ఇంకెవరూ నోరు విప్పరు.

మూడు. మందు వాడేవాళ్లు ఇంట్లో గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. మరక కనపడిన రోజు ఒక చుక్క, ఎక్కువ పోయిన రోజు రెండు చుక్కలు. దవాఖానకు పోయినప్పుడు ఆ క్యాలెండర్ కాగితం చించుకొని పోతే చాలు. "ఎన్ని రోజుల నుంచమ్మా?" అని డాక్టర్ అడిగితే తడుముకోకుండా చూపించొచ్చు. చదువు రానివాళ్లకూ ఇది వస్తుంది.

నాలుగు. గర్భసంచి ఆపరేషన్‌కు అప్పు అడిగితే సంఘం కాదనకూడదు. అదే సమయంలో "పద, ప్రభుత్వ దవాఖానలో ఇంకోసారి చూపిద్దాం" అని ఒకరు తోడు పోవాలి. అప్పు మంజూరుకు ఇది షరతు కాదు. మనం ఇచ్చే తోడు.

ఐదు. ఇంటికి పోయినప్పుడు అత్తలు కోడళ్లతో, కోడళ్లు అత్తలతో ఈ ముచ్చట ఎత్తాలి. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మంది అత్తలమే. కోడలికి 10 రోజులు మరక కనపడితే రోగం అనకుండా, "మందు ఏమన్న వాడుతున్నవా బిడ్డా?" అని అడిగే అత్త ఉన్న ఇంట్లో ఎవరూ బర్రె అప్పు తీసుకొని ఆపరేషన్‌కు పోరు.

ఆ చెల్లె ఇప్పుడు ఎట్లా ఉందో అడుగుతారు. రెండో ఇంజెక్షన్ వేయించుకోలేదు. డాక్టరమ్మతో మాట్లాడుకొని ఛాయ మాత్రలు మొదలుపెట్టింది. నెలసరి దారిలో పడటానికి కొన్ని నెలలు పట్టింది. రక్తం 11 గ్రాములకు వచ్చింది. దసరా దాటాక అదే 40 వేలకు ఇంట్లో కొంత కలుపుకొని బర్రెను కొన్నది. పోయిన వారం మేము మళ్లీ చూడటానికి పోయాం. దొడ్డిలో బర్రె ఉంది, పక్కనే దూడ ఉంది. ఆమె అత్తే మాకు చాయ పోసింది. "మా కోడలు మీటింగుల మాట్లాడుతదా అమ్మా?" అని అడిగింది. మాట్లాడుతుంది అని చెప్పాం. ఆమె మాట్లాడబట్టే ఇవాళ మేము మాట్లాడగలిగాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పక్క గదిలో ఎఎన్‌ఎం సిస్టర్ ఉంటారు, బీపీ మిషన్ ఉంది, రక్తం చూస్తారు. అడగాలనుకున్న వాళ్లు ఒక్కొక్కరే లోపలికి రండి. పేరు రాయించాల్సిన పని లేదు.